పాత వాషర్ ఒక్కటి చూపిస్తే సరిపోదు

(అనంతపురంలో చిన్న పరిశ్రమల యజమానులు, బోరు మెకానిక్‌లు, డ్రిప్ డీలర్లు, డిప్లొమా విద్యార్థులు పాల్గొన్న సభలో, స్థానిక రబ్బరు మౌల్డింగ్ యూనిట్ నిర్వాహకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మా యూనిట్‌లో కొత్తగా ఏం జరుగుతోందో చెప్పమని నన్ను పిలిచారు. మూడు సంగతులున్నాయి. ముందు అవి చెప్పేస్తాను, తర్వాత కారణాలకు వద్దాం. ఒకటి, ఇకమీదట వంద ముక్కల ఆర్డరైనా తీసుకుంటాం. ఇదివరకు వెయ్యికి తక్కువైతే బెంగళూరు వెళ్లండి అనేవాళ్లం. రెండు, యూనిట్‌లోనే చిన్న టెస్టింగ్ గది పెట్టాం. మా దగ్గర నుంచి బయటికెళ్లే ప్రతి లాటుతో పాటు ఒక కాగితం వస్తుంది. అది ఏ రబ్బరు, గట్టిదనం ఎంత, ఏ బ్యాచ్‌లో తయారైంది అన్నీ అందులో ఉంటాయి. మూడోది మీలో కొందరికి కోపం తెప్పించవచ్చు. పాత ముక్క ఒకటి చేతికిచ్చి "ఇదే మాదిరి ఇంకోటి చేసియ్యి అన్నా" అంటే ఇక మేం చెయ్యం.

ఎక్కువసేపు ఈ మూడో దాని గురించే మాట్లాడతాను. ఎందుకంటే మన జిల్లాలో రైతు డబ్బు, మెకానిక్ పేరు, మా పేరు మూడూ పోయేది అక్కడే.

ఈ బల్ల మీద రెండు గాజు సీసాలున్నాయి చూడండి. రెండింట్లోనూ నిన్న సాయంత్రం డీజిల్ పోసి సందు మూసే గుండ్రటి రబ్బరు వలయం, ఓ-రింగ్ అంటాం, ఒక్కోటి వేశాను. రెండూ ఒకే డైలో, అంటే ఒకే అచ్చులో, ఒకే ప్రెస్ మీద వచ్చినవే. రెండూ నలుపే. నిన్న ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కూడా కలిశాయి. ఇప్పుడు తీస్తున్నాను. ఇదిగో, ఇది నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు, దాదాపు నిన్న ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఇది ఈపీడీఎం, ఇంకో రకం కృత్రిమ రబ్బరు. లావైంది, వదులైంది, గోరు గుచ్చితే దిగుతోంది. దీన్ని తీసుకెళ్లి దాని గాడిలో పెట్టండి, పట్టదు. ముందు వరస వాళ్లు చేతికి తీసుకుని వెనక్కి అందించండి. డీజిల్ వాసన వస్తుంది, ఏమీ అనుకోవద్దు.

ఇప్పుడు ఆలోచించండి. మోటరులో ఆర్నెల్లు నానిన ఇట్లాంటి రింగును మీరు నాకు తెచ్చిచ్చారు. నేను వెర్నియర్ అనే కొలత పరికరం పెట్టి కొలిచి, ఆ కొలతకే డై కోయించాను. నీరు పట్టి ఉబ్బిన కాలికి చెప్పు కొలత తీసినట్టే కదా అది. పైగా ఆ రింగు అసలు ఏ రబ్బరో తెలియదు. అది పాడైందే తప్పు రబ్బరు కావడం వల్ల అనుకోండి. అదే రబ్బరుతో కొత్తది చేసిస్తే ఇంకో ఆర్నెల్లకు మళ్లీ అదే కథ.

రబ్బరు అని ఒకే మాట అంటాం గానీ అది ఒక్క సరుకు కాదు. చెట్టు పాల నుంచి వచ్చే సహజ రబ్బరు ఒకటి. మన దేశంలో దానికి కేరళే పుట్టిల్లు, రబ్బరు బోర్డు ఆఫీసు కూడా కొట్టాయంలోనే ఉంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారుతుంది. అందులో గంధకం కలిపి వేడి చేస్తే నిలకడగా సాగే పదార్థం అవుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1844లో పేటెంట్ తీసుకున్నాడు. గంధకం రబ్బరు గొలుసుల మధ్య ముడులు వేస్తుంది, ఆ ముడుల వల్లే సాగదీసి వదిలితే వెనక్కొస్తుంది. వల్కనైజింగ్ అన్నా, మా షెడ్‌లో క్యూరింగ్ అన్నా ఇదే. ఇప్పటికీ మా ప్రెస్‌లలో ఎక్కువగా జరిగేది అదే పని.

సహజ రబ్బరంత బలంగా సాగి, చిరగకుండా నిలిచేవి తక్కువ. షాకులు తట్టుకోవాల్సిన చోట, మెషిన్ కింద వేసే మౌంటింగుల్లో దానికి సాటి లేదు. కానీ నూనె తగిలితే ఉబ్బుతుంది. ఎండలో, గాలిలో ఉండే ఓజోన్‌కు సన్నటి పగుళ్లు వస్తాయి. నైట్రైల్ నూనెకు నిలబడుతుంది, ఎండకు నిలబడదు. ఈపీడీఎం సరిగ్గా దానికి ఎదురు. ఎండ, వాన, వేడినీళ్లు, పలుచని యాసిడ్ అన్నీ ఓర్చుకుంటుంది, నూనె మాత్రం దానికి పడదు. సిలికాన్ గడ్డకట్టే చలి నుంచి రెండు వందల డిగ్రీల దాకా మెత్తగానే ఉంటుంది, కానీ చిన్న గాటు పడితే చాలు, చిరుగుతూ పోతుంది. వైటాన్ అనే ఇంకో రకం వేడి, పెట్రోలు రెండూ తట్టుకుంటుంది. ధర మాత్రం నైట్రైల్‌కి ఎన్నో రెట్లు, అవసరం లేని చోట వాడితే డబ్బు దండగ.

వీటిలో చాలావాటికి కార్బన్ బ్లాక్ కలుపుతాం. అది బలం ఇస్తుంది, అరుగుదల తగ్గిస్తుంది. దాంతో అన్నీ నల్లగా ఒకేలా తయారవుతాయి. కంటితో పోల్చుకోవడం కుదరదు. కాల్చి చూసి చెప్పే పెద్దమనుషులు ఉన్నారు, నాకు తెలుసు. సిలికాన్ కాలిస్తే తెల్లటి బూడిద వస్తుంది, అంతవరకు నిజమే. మిగతావి పొగ వాసన చూసి చెప్పడం మాత్రం నమ్మదగింది కాదు.

ఇప్పుడు మన బోర్ల దగ్గరికి వద్దాం. మన అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. వెయ్యి అడుగులు దాటిన బోర్లున్న ఊళ్లు ఎన్నో మీకే తెలుసు. సబ్‌మెర్సిబుల్ మోటరులో రబ్బరు ముక్కలు చాలానే ఉంటాయి. ఇసుక లోపలికి పోకుండా శాండ్ గార్డ్, కేబుల్ లోపలికెళ్లే చోట సందు మూసే గ్లాండ్, జాయింట్లలో ఓ-రింగులు, అడుగున డయాఫ్రం. ఈ డయాఫ్రం గురించి కొంచెం చెప్పాలి. మోటరు తిరిగి వేడెక్కితే లోపలి ద్రవం వ్యాకోచిస్తుంది, ఆగి చల్లబడితే కుంచించుకుంటుంది. ఆ తేడాని తాను ఉబ్బుతూ తగ్గుతూ సర్దేది ఆ గిన్నెలాంటి రబ్బరు ముక్కే. అది చిల్లిపడినా, బిగుసుకుపోయినా, మోటరు చల్లబడిన ప్రతిసారీ బయటి నీళ్లను సీలు సందులోంచి లోపలికి లాక్కుంటుంది.

మోటరులో రెండు రకాలున్నాయి కదా, ఆయిల్ నింపింది, నీళ్లు నింపింది. రెండింటి డయాఫ్రం కొలతలు ఒకేలా ఉండొచ్చు. నీళ్ల మోటరుకు ఈపీడీఎం హాయిగా పనిచేస్తుంది. అదే ముక్కను ఆయిల్ మోటరులో వేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న రింగును అడగండి. ఆయిల్ మోటరులోకి నీళ్లు దిగితే వైండింగ్ కాలుతుంది. పంపు పైకి తీయించే ఖర్చు, రీవైండింగ్ ఖర్చు, ఈలోగా ఎండిన చీనీ (బత్తాయి) చెట్లు, ఇవన్నీ రైతు నెత్తిన పడతాయి. ముక్క ధర చూస్తే ఒక టీ, రెండు బజ్జీలు. అందుకే మేం మొదట అడిగే ప్రశ్న సైజు గురించి కాదు. "ఆయిల్ మోటరా, నీళ్ల మోటరా?" అని అడుగుతాం. మెకానిక్ అన్నలకు నా విన్నపం ఒక్కటే, ఆ జవాబు లేకుండా మా దగ్గరికి రాకండి. ఫోన్‌లో మోటరు నేమ్‌ప్లేట్ ఫోటో తెచ్చినా చాలు.

డ్రిప్ డీలర్లకు కూడా ఇదే మాట. సబ్‌మెయిన్ అనే లావు పైపుకు రంధ్రం వేసి గ్రోమెట్ అనే రబ్బరు రింగు దూర్చి, దాంట్లో టేకాఫ్ అనే చిన్న గొట్టం కొట్టి, మొక్కల వరస వెంట వెళ్లే సన్న పైపు, అంటే లేటరల్, తగిలిస్తాం. ఆ గ్రోమెట్ మన ఎండకు కాలుతుంది. ఎరువుల నీళ్లు తాగుతుంది. ఉప్పు పేరుకుంటే రైతు యాసిడ్ వదులుతాడు, అదీ తాగుతుంది. అక్కడ ఈపీడీఎం తప్ప ఇంకోటి వద్దు. సహజ రబ్బరుది కొంచెం చవగ్గా దొరుకుతుంది. పైపు పైకి తేలిన చోట రెండు వేసవులకల్లా దాని అంచున వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. వేలితో వంచి ఎండకేసి చూడండి, ఎవరికైనా కనిపిస్తాయి.

గట్టిదనం గురించి. షోర్ ఏ అనే కొలత ఉంది, చేతిలో పట్టేంత మీటరు. సూది రబ్బరులోకి ఎంత దిగిందో చూసి సున్నా నుంచి వంద దాకా అంకె చూపిస్తుంది. మామూలు ఓ-రింగు 70 దగ్గర ఉంటుంది, అటో ఇటో ఐదు ఒప్పుకుంటారు. ఇది తేలిక, అందరూ అడుగుతారు. కానీ సీలు పని చేస్తుందా లేదా చెప్పేది ఇంకో పరీక్ష, దాన్ని ఎవరూ అడగరు. దాని పేరు కంప్రెషన్ సెట్, అంటే నొక్కి వదిలాక రబ్బరు ఎంత మేర లేవకుండా ఉండిపోయిందో చూడటం. 12.5 మిల్లీమీటర్ల మందం బిళ్లను 9.5 దాకా నొక్కి బిగించి, 70 డిగ్రీల ఓవెన్‌లో 22 గంటలు పెడతాం. బయటికి తీసి వదిలి, అరగంట ఆగి కొలుస్తాం. పూర్తిగా లేచి 12.5కి వస్తే అద్భుతం, అట్లా ఎప్పుడూ రాదు. 11.9కి వచ్చిందనుకోండి. మూడు మిల్లీమీటర్లు నొక్కితే 0.6 పోయింది, అంటే 20 శాతం సెట్. మంచి ముక్కే. 10.5 దగ్గర ఆగిపోయిందంటే దాదాపు 67 శాతం. అది సీలుగా చచ్చిపోయినట్టే, గట్టిదనం మీటరు మీద 70 చూపించినా సరే. సీలు పనంతా వెనక్కి నెట్టడంలో ఉంది. నెట్టే శక్తి పోయిన రబ్బరు గాడిలో కూర్చుని ఉంటుంది, అంతే.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకు 1986 జనవరి 28 గుర్తు చేస్తాను. ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయల్దేరిన 73 సెకన్లకు పేలిపోయింది, ఏడుగురు చనిపోయారు. పక్కనున్న రాకెట్ బూస్టర్ జాయింట్‌లో ఓ-రింగు సీలు వెయ్యలేకపోయింది. ఆ ఉదయం అక్కడ దాదాపు 2 డిగ్రీల చలి. చలికి రబ్బరు బిగుసుకుని, వెనక్కి లేచే వేగం తగ్గిపోయింది. విచారణలో రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను క్లాంపులో బిగించి ఐసు నీళ్లలో ముంచి, తీసి, అందరి ముందు వదిలి చూపించాడు. వెంటనే లేవలేదు. ఇక్కడున్న డిప్లొమా పిల్లలు ఆ విచారణ గురించి తప్పకుండా చదవండి. అక్కడ శత్రువు చలి, మన దగ్గర వేడి. అడిగే ప్రశ్న మాత్రం ఒకటే, ఈ ముక్క ఎక్కడ బతకాలి?

మన వేడి గురించి అంటే, అది ముక్క తయారు కాకముందే మాకు కష్టం తెస్తుంది. గంధకం, క్యూరింగ్‌ను వేగం చేసే యాక్సిలరేటర్ కలిపిన రబ్బరు మిశ్రమాన్ని కాంపౌండ్ అంటాం, ఆ షీట్లు ప్రెస్‌లోకి వెళ్లకముందే మెల్లగా ఉడకడం మొదలుపెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల షెడ్‌లో అది ఇంకా తొందరగా జరుగుతుంది. స్కార్చ్ అంటాం. అట్లాంటి షీటు డైలో సరిగా పారదు, ముక్క మీద మడతలు, అతుకు గీతలు పడతాయి. కొన్నిసార్లు బయటికి బాగానే కనిపించి లోపల అతుక్కోకుండా ఉంటుంది, అది మరీ ప్రమాదం. అందుకే ఈ ఏడాది కాంపౌండ్ గదికి ఏసీ పెట్టాం, ప్రతి షీటు మీద కలిపిన తేదీ రాస్తున్నాం. ఆఫీసు గదికి కాకుండా రబ్బరుకు ఏసీ పెట్టారేమని కొందరు అడిగారు. నా దృష్టిలో యూనిట్‌లో పెట్టిన డబ్బుల్లో అన్నిటికంటే సరిగ్గా పెట్టింది అదే.

ప్రెస్ పని చూడనివాళ్ల కోసం రెండు మాటలు. డై అంటే రెండు ఉక్కు పలకలు, మధ్యలో ముక్క ఆకారంలో ఖాళీ. పలకలు 160 డిగ్రీల దగ్గర కాగుతూ ఉంటాయి. కాంపౌండ్‌ను తూకం వేసి కత్తిరించి ఖాళీలో పెడతారు, పై పలక మూసి ప్రెస్ ఎక్కిస్తారు. వెంటనే ఒకటి రెండుసార్లు కొంచెం దించి మళ్లీ ఎక్కిస్తారు, లోపల చిక్కుకున్న గాలి పోవడానికి. అది బంపింగ్. చిన్న ముక్కైతే కొన్ని నిమిషాలు, మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెంచితే సమయం దాదాపు సగానికి తగ్గుతుందని మా వాళ్లందరికీ నోటికొచ్చిన లెక్క. కానీ మందం ముక్కకు ఆ దుడుకు పనికిరాదు. పైన ఉడికి లోపల పచ్చిగా ఉంటుంది. ఆర్డరు అర్జంటు అని మీరు ఫోన్ మీద ఫోన్ చేసినప్పుడు ఆపరేటర్ టెన్షన్‌లో చేసేది ఇదే. నేను వద్దని చెబుతున్నాను, మీరూ తొందరపెట్టొద్దు.

డైలోంచి వచ్చిన ముక్క చుట్టూ పలుచని అంచు ఉంటుంది, ఫ్లాష్. మా దగ్గర దాన్ని కత్తెరతో తీసేవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్ల గురించి ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పదు. ముక్క లోపల బుడగ ఉంటే, క్యూరింగ్ తక్కువైతే, మీటరు కంటే ముందు వాళ్ల వేళ్లకు తెలుస్తుంది. "సార్, ఈ ట్రే మెత్తగా ఉంది" అని ఆపేస్తారు. ఆ ట్రేను టెస్టింగ్ గదికి పంపుతాం. ఇప్పుడు వాళ్లకు లాటు ఆపే అధికారం కాగితం మీద ఇచ్చాం. సూపర్‌వైజర్ కూడా దాన్ని కాదని పంపడానికి లేదు.

వంద ముక్కల ఆర్డరు ఎట్లా సాధ్యమైందంటారా. ఖర్చంతా డైలో ఉంటుంది. ఒకేసారి పదహారు ముక్కలు వచ్చే పదహారు గుంతల డై చేయిస్తే ముక్క చవక, కానీ డై ఖరీదు వేల ముక్కల మీద పంచితేనే గిట్టుబాటు. ఇప్పుడు ఒకే గుంత ఉన్న చిన్న డై, తేలికపాటి ఉక్కుతో, ఇక్కడే కోయిస్తున్నాం. ముక్కకు పడే ధర ఎక్కువే, దాపరికం లేదు. కానీ పాతకాలం పాలిషింగ్ మెషిన్‌కు బుష్ అనే గొట్టంలాంటి రబ్బరు ముక్క దొరక్క తాడిపత్రిలో పని ఆపుకున్న వాళ్లకు, సిమెంటు ఫ్యాక్టరీ కన్వేయర్‌కు వంద సీల్స్ చాలనే వాళ్లకు అది లాభమే. రబ్బరు చల్లారితే కుంచించుకుంటుంది, సుమారు రెండు శాతం. 50 మిల్లీమీటర్ల ముక్కకు గుంత 51 దగ్గర కోయాలి. సిలికాన్‌కు మూడు శాతం దాకా వదలాలి. కాబట్టి నైట్రైల్ కోసం కోసిన డైలో సిలికాన్ పోసి ఇమ్మంటే కొలత తప్పుతుంది. డై డబ్బు మీరు కడితే డై మీది. ఎప్పుడడిగినా తీసుకెళ్లొచ్చు, మా దగ్గరే ఉంటే నూనె పూసి దాచేది మేం.

ధర దగ్గర ఒక మోసం జరుగుతుంది, అది తెలుసుకోండి. కాంపౌండ్‌ను కిలోల్లో కొంటాం, కానీ డై నిండేది లీటర్లలో. ఒక కాంపౌండ్ కిలో 200 రూపాయలు, సాంద్రత 1.2 అనుకుందాం. లీటరుకు 240 రూపాయలు. ఇంకోటి కిలో 150కే ఇస్తామంటారు, సాంద్రత 1.6. లీటరుకు అదీ 240 రూపాయలే. కిలోకు యాభై మిగిలిందని సంబరపడినవాడికి మిగిలింది సున్నా, పైగా ముక్కలో బరువు పెంచే పొడి ఎక్కువ, రబ్బరు తక్కువ. ఆ పొడుల్లో మన మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) కూడా ఒకటి. బరువు కావాల్సిన చోట ముగ్గురాయి మంచి సరుకే, నేను తప్పు పట్టడం లేదు. సీలులో బరువుతో పనేముంది? చేతిలో పెట్టుకుని "బరువుగా ఉంది, బాగుంది" అనడం మానేయండి.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, అంటే 2019 నుంచి, మన కుర్రాళ్లు కార్ల కంపెనీలకు సరఫరా చేద్దామని ఉత్సాహపడుతున్నారు. మంచిదే. కానీ అక్కడ కార్ల పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ అడుగుతారు, మొదటి ముక్కలతో పాటు కొలతలు, మెటీరియల్ రిపోర్టులు, ప్రాసెస్ కాగితాలు అన్నీ కట్టగా అడుగుతారు. మూడేళ్ల కిందటి ముక్క ఏ బ్యాచ్ కాంపౌండ్‌తో వచ్చిందో చెప్పగలగాలి. మేం ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. ఇప్పుడు మొదలుపెట్టిన బ్యాచ్ కాగితం ఆ దారిలో మొదటి అడుగు. రైతుకిచ్చే గ్రోమెట్‌కు కూడా అదే కాగితం ఇస్తాం. కారు కొనేవాడికి ఒక లెక్క, చీనీ తోట రైతుకు ఒక లెక్క ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

చిన్న యూనిట్ల వాళ్లు ఇక్కడున్నారు కాబట్టి ఒక మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) ప్రకారం మనలాంటి సూక్ష్మ, చిన్న యూనిట్లకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు వేయించండి.

ఇక పాత ముక్క చూపించే బదులు మీరు నింపి ఇవ్వాల్సిన మా కొత్త చీటీ సంగతి. తెలుగులోనే అచ్చువేయించాం, బయట కుర్చీ మీద కట్ట పెట్టాను. ముక్కకు ఏది తగులుతుంది, నూనా, నీళ్లా, యాసిడా, ఎండా? ఎంత వేడి? కదులుతుందా, ఒకచోటే నొక్కుకుని ఉంటుందా? పాతది ఎన్నాళ్లు పనిచేసింది, ఎట్లా పాడైంది, ఉబ్బిందా, పగిలిందా, చదునైపోయిందా, అరిగిందా? అది కూర్చునే గాడి లేదా రంధ్రం కొలత ఎంత? ఈ చివరిది ముఖ్యం. రబ్బరు కొలత మారిపోతుంది, ఇనుము కొలత మారదు. వీలైతే ముక్కతో పాటు అది కూర్చునే ఇనుప భాగం కూడా తీసుకురండి, మా వాళ్లే కొలుస్తారు, దానికి డబ్బు తీసుకోం. పాత ముక్కను కూడా పారేయకుండా తెండి. కొలతకు కాదు, ఎట్లా చచ్చిపోయిందో చూడటానికి.

చీటీ నింపడం రాకపోతే ఫోన్‌లో అడిగి మేమే నింపుతాం. వంద ముక్కల ఆర్డర్లు వచ్చే నెల మొదటి వారం నుంచి తీసుకుంటాం. ముందు బోరు మోటరు ముక్కలు, గ్రోమెట్లు, ఆ తర్వాత పాలిషింగ్ మెషిన్ బుష్‌లు. సిలికాన్ ముక్కలను ప్రెస్ తర్వాత మళ్లీ వేడి చేసే పోస్ట్ క్యూరింగ్ ఓవెన్ ఇంకా రావాలి, అది వచ్చేదాకా ఆ ఆర్డర్లు ఒప్పుకోం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు మెకానిక్ అన్నలు.